తంగేడు నిలిచే జాగ

(మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ స్మారక సంచికలో యువతకు ఏ విషయం చెప్పాలని కూర్చున్నప్పుడు చాలా పేర్లు వచ్చాయి. మేడారం జాతర అన్నారు. తీజ్ అన్నారు. మన భాషలు, మన వాయిద్యాలు అన్నారు. అన్నీ మంచివే. మేము మాత్రం తంగేడు గురించి మాట్లాడతామన్నాం. కొందరు నవ్వారు. "దాని గురించి మాట్లాడేందుకు ఏముంది, ఎక్కడ చూసినా ఉండేదే కదా" అన్నారు. ఆ మాటను పట్టుకునే మేము ఇక్కడికి వచ్చాం. ఎక్కడ చూసినా ఉండేదే. ఇప్పుడు ఎక్కడ చూస్తే ఉంటోంది? పోయిన బతుకమ్మకు మీలో ఎంతమంది తండా హద్దులోనే పువ్వు కోశారు, ఎంతమంది బండి వేసుకుని పక్క ఊళ్లకు పోయారు, ఎంతమంది అంగట్లో కట్ట కొన్నారు? జవాబు మీ దగ్గరే ఉంది.

మొదట చెట్టును గుర్తుపట్టడం నేర్చుకుందాం. ఇది చిన్న విషయం కాదు. దసరా ముందు మీ వాట్సాప్ స్టేటస్‌లు చూస్తాం కదా, సగం వాటిలో తంగేడు పువ్వు పేరుతో రేల పువ్వు ఉంటుంది. రేల గుత్తి కిందికి వేలాడుతుంది, అది చెట్టు. కొందరు సీమ తంగేడు పెడతారు. రోడ్ల పక్కన నీడ కోసం వేసిన పెద్ద చెట్టు అది. నేల తంగేడు ఇంకొకటి. ఆయుర్వేద దుకాణాల్లో సునాముఖి అని, విరేచనానికి అమ్మే ఆకు దానిదే. ఇవన్నీ చిక్కుడు కుటుంబంలోని దగ్గరి చుట్టాలే కానీ మన తంగేడు వేరు.

మన తంగేడు పొద. మామూలుగా మనిషి ఎత్తు, నేల బాగుంటే ఇంకాస్త. మొదలు దగ్గరే కొమ్మలు విరుస్తుంది. బెరడు గోధుమ రంగు. ఈనెకు రెండు పక్కలా జతలు జతలుగా చిన్న ఆకులు, ఎనిమిది నుంచి పన్నెండు జతలు. ప్రతి జత మధ్యలో ఒక చిన్న నిలువు గ్రంథి ఉంటుంది, దగ్గరికి పెట్టుకుని చూస్తేనే కనబడుతుంది. అసలు గుర్తు ఇంకొకటి ఉంది. ఈనె కొమ్మకు అంటుకునే చోట రెండు పక్కలా గుండ్రంగా చెవుల్లాంటి చిన్న రెక్కలు ఉంటాయి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి పేరు పెట్టేటప్పుడు ఆ చెవులనే చూశాడు. ఆరికులాటా అంటే చెవులున్నది అని అర్థం. తర్వాత మన కోస్తాలో సామర్లకోటలో చాలా ఏళ్లు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని సెన్నా జాతిలో చేర్చాడు. అందుకే ఇవాళ శాస్త్రీయ నామం సెన్నా ఆరికులాటా. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పాత పుస్తకాల్లో కాసియా ఆరికులాటా అని చూస్తారు, రెండూ ఒకటే.

ఇది ఎక్కడి నుంచో తెచ్చి నాటింది కాదు. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు. శ్రీలంకలో రణవర అంటారు, ఎండిన పువ్వును మరిగించి తాగుతారు. తమిళులు ఆవారం అంటారు. కొంగు ప్రాంతంలో సంక్రాంతి ముందు రోజు వేపాకుతో కలిపి ఇంటి చూరుకు కడతారు. మరాఠీలో తర్వడ్. మనకు బతుకమ్మ. ఒకే పొద, ఎన్ని ఇళ్లలోకి వచ్చిందో చూడండి.

పచ్చగా ఎట్లా ఉంటుందన్నది అసలు సంగతి. మే నెలలో బచ్చన్నపేట వైపు పోయిన వాళ్లకు తెలుసు, చెలక మొత్తం ఎర్రగా కాలిపోయి ఉంటుంది.  ఆ మొరంలో, పరుపు బండ పగుళ్లలో తంగేడు మాత్రం ఆకుతోనే ఉంటుంది. వేరు లోతుకు దిగుతుంది. ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు. ఇంకొక బలం కూడా ఉంది దానికి. ఆకులో, బెరడులో ఒగరు ఎక్కువ. మేకలు, ఆవులు దాన్ని పెద్దగా ముట్టవు. మంద తిరిగే నేలలో అన్నీ పోయినా తంగేడు మిగిలేది అందుకే. మేకలు కాచిన తాతలను అడగండి, మంద తంగేడు పక్కనుంచి పోయి చిన్న గడ్డిపరక వెతుక్కుంటుందని చెబుతారు.

పువ్వు గురించి ఒక్క ముచ్చట చెప్పి ముందుకు పోతాం. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి మాత్రమే ఉంటుంది, అదీ ఊరికే రాలదు. కేసరాల కొనకు చిన్న రంధ్రాలు ఉంటాయి. నల్లగా లావుగా ఉండే తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్లంతా గజగజ వణికిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి ఉప్పు డబ్బాలోంచి రాలినట్టు రాలుతుంది. పొద్దున్నే పొద దగ్గర నిలబడితే ఆ రొద వినబడుతుంది, తుమ్మెద ఎగిరేటప్పటి రొద కాదది, పువ్వు మీద వాలాక మారే రొద. ఆ తుమ్మెద ఎండు కట్టెలో, వెదురు బొంగులో తొర్ర చేసుకుని ఉంటుంది. అంటే పొద ఒక్కటి ఉంటే చాలదు, చుట్టుపక్కల ఎండు కొయ్య కూడా ఉండాలి. లేత పసుపు, తెలుపు కలిసిన సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది కూడా ఈ ఆకు మీదనే. పురుగు ఆకు తిన్నదని మందు కొట్టకండి, పొద మళ్లీ చిగురిస్తుంది.

ఇప్పుడు బెరడు సంగతి. ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే ఈ భాగం బడి పుస్తకాల్లో రాదు, పండుగ ఉపన్యాసాల్లో అసలే రాదు.

మోటబావి మీలో ఎంతమంది చూశారు? కరెంటు మోటార్లు రాకముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల బావి సేద్యం అంతా మోట మీదనే నడిచింది. మోటకు తోలుతొండం కావాలి. తోలు నీళ్లలో నానినా కుళ్లకూడదు. పచ్చితోలు కుళ్లకుండా గట్టిపడాలంటే ఒగరు పట్టాలి. ఆ ఒగరు తంగేడు చెక్కలో ఉంది. మాదిగ వాడల్లో లందల్లో తంగేడు చెక్క దంచి వేసి తోళ్లు ఊనేవారు. చెప్పులు, మోట తొండాలు, ఎద్దుల పట్టెడలు, బండి వార్లు అన్నీ అట్లా వచ్చినవే. అంటే వరి పండించిన నీళ్ల వెనక తంగేడు ఉంది, తోలు ఊనిన చేతులు ఉన్నాయి. ఆ చేతులను ఊరు దూరం పెట్టింది. చెట్టును పండుగ రోజున తలకెత్తుకుని, అదే చెట్టుతో రోజూ పనిచేసిన మనుషులను గుమ్మంలోకి రానివ్వని చరిత్ర ఇది. తంగేడు గురించి మాట్లాడేవాళ్లు దీన్ని దాటేసి పోకూడదని మా అభిప్రాయం. గిరిజన సంఘం సభలో దళితుల సంగతి ఎందుకని ఎవరైనా అడిగితే, ఒకే బీడులో చెక్క తీసినవాళ్లం, కట్టె ఏరినవాళ్లం, పశువులను కాచినవాళ్లం మనం.

ఎండిన చెక్కలో నూటికి పదిహేను నుంచి ఇరవై వంతుల దాకా ఒగరు పదార్థం ఉంటుంది. దక్షిణాదిలో తోలు పరిశ్రమ చాలాకాలం దీని మీదనే బతికింది. మద్రాసు నుంచి ఊనిన తోళ్లు ఓడల్లో ఇంగ్లండు పోయేవి. మొదటి ప్రపంచ యుద్ధం, అంటే 1914 నుంచి 1918 దాకా, బ్రిటిష్ సైనికుల బూట్లకు ఆ తోళ్లు పెద్ద ఎత్తున వాడారు. ఎక్కడి మొరం గడ్డ, ఎక్కడి యుద్ధం! తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు చవకగా దిగింది. ఆ తర్వాత రసాయనాలు వచ్చాయి. తంగేడు చెక్క అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చెక్క కోసం అన్నేళ్లు కొట్టినా తంగేడు అంతరించిపోలేదు. మొదలు దగ్గర కొడితే మళ్లీ చిగురు పెట్టే గుణం దానికుంది. కొట్టినప్పుడు పోని చెట్టు, దాన్ని ఎవరూ కొట్టని ఈ రోజుల్లో ఎందుకు తగ్గుతోంది?

జాగ పోతోంది గనుక.

తెలంగాణ ఏర్పడ్డాక 2014లో ప్రభుత్వం నాలుగు రాష్ట్ర చిహ్నాలు ప్రకటించింది. పక్షి పాలపిట్ట, జంతువు జింక, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. అదే ఏడు బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. మనందరికీ గర్వమే. ఎక్కడో కొండల మీది అరుదైన పువ్వును కాకుండా చెలక గట్టు మీది పువ్వును ఎంచుకోవడం మాకు ఇప్పటికీ నచ్చే విషయం. అయితే పువ్వుకు గౌరవం దొరికింది, అది నిలిచే నేలకు దొరకలేదు. తంగేడు ఉండేది ఎక్కడ? రెవెన్యూ రికార్డు తెరవండి. బంచరాయి, పోరంబోకు, పోట్ ఖరాబు, చెరువు శిఖం పక్క గట్టు, బాట వెడల్పు, సర్వే నంబర్ల మధ్య హద్దు. పోట్ ఖరాబు అంటే సాగుకు పనికిరాదని శిస్తు లెక్కలోంచి తీసేసిన ముక్క. నైజాం కాలంలో పెట్టిన ఆ పేర్లు ఇప్పటికీ మారలేదు. రాష్ట్ర పుష్పం పూసే నేల పేరు కాగితం మీద ఖరాబు.

ఖరాబు అని రాసి ఉంటే ఏ పనికైనా మొదట అదే గుర్తొస్తుంది. వెంచరు వేయాలన్నా, మొరం తవ్వాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా, డంపింగు యార్డు పెట్టాలన్నా అక్కడికే జేసీబీ వస్తుంది. హైదరాబాద్–వరంగల్ రహదారికి ఇరుపక్కలా జనగామ, రఘునాథపల్లి ప్రాంతాల్లో వెంచర్ల హద్దురాళ్లు ఎంత దూరం వచ్చాయో మీరే చూస్తున్నారు. మహబూబాబాద్ జిల్లాలో సంగతి ఇంకో రకం. అక్కడ పత్తి, మిరప గట్టు దాకా వచ్చాయి. ఇంతకుముందు చేనుకు చేనుకు మధ్య నాగలి తిరగడానికి కొంత, కంచెకు కొంత వదిలేవాళ్లు. ట్రాక్టరు వచ్చాక గట్టు సన్నబడింది. ఆపై గడ్డిమందు వచ్చింది. గడ్డి కోసం కొట్టిన మందుకు గట్టు మీది గునుగు పోతోంది, లేత తంగేడు మొలకా పోతోంది. గునుగు, తంగేడు లేకుండా బతుకమ్మ దేనితో పేరుస్తాం? బంతి, చామంతి కొనుక్కుంటాం. కొనుక్కుంటున్నాం కూడా.

భూపాలపల్లి వైపు సంగతి వేరు, అది కూడా చెప్పాలి. తంగేడుకు ఎండ కావాలి. మహదేవపూర్ అడవిలో లోపలికి, టేకు, మద్ది గుబురుగా ఉన్న చోటికి పోతే తంగేడు తగ్గిపోతుంది. అక్కడ లేదని బాధపడాల్సిన పని లేదు, అది అడవి బాగున్న గుర్తు. అడవి అంచున, ఊరి చుట్టూ, బాట పక్కన మళ్లీ కనబడుతుంది. అడవిని కొట్టి అక్కడ తంగేడు నాటుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బొగ్గు గనుల దగ్గర పోసిన మట్టి కుప్పలు, తవ్వి వదిలిన మొరం గుంతలు, అవి దానికి తగిన చోట్లు. రాయి, మొరం ఉన్న నేలను వేరుతో పట్టి నిలిపే మొక్క ఇది.

మన తండాల తమ్ముళ్లు కొందరు అడుగుతారు, బతుకమ్మ మైదానం వాళ్ల పండుగ కదా, మనకు తీజ్ ఉంది కదా అని. మన తండాల్లో ఆడబిడ్డలు బతుకమ్మ కూడా ఆడుతున్నారు, అది వాళ్ల ఇష్టం, ఎవరూ పంచాయితీ పెట్టాల్సిన పని లేదు. తీజ్ సంగతే చూద్దాం. శ్రావణంలో పెళ్లికాని పిల్లలు బుట్టల్లో పుట్టమట్టి, మేకల ఎరువు పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ బుట్ట దేనితో అల్లుతాం? దూసరి తీగతో. దూసరి తీగ ఎక్కడ పాకుతుంది? అదే కంచె మీద, అదే బీడులో, తంగేడు పొదను పట్టుకునే. పుట్టమట్టి ఎక్కడిది? అదే బీడులో పుట్టది. ఇప్పుడు చాలా తండాల్లో ప్లాస్టిక్ బుట్టలు, ఫ్యాన్సీ దుకాణం బుట్టలు వస్తున్నాయి. మనం మారిపోయామని పెద్దలు తిడుతుంటారు. పిల్లలు మారలేదు, తీగ దొరకడం లేదు. ఈ తేడా మనం గట్టిగా చెప్పాలి. సంస్కృతి పోయిందని ఏడ్చే చోట చాలాసార్లు పోయింది నేల.

ఇక మందు సంగతి. ఈ మధ్య ఫోన్లలో తంగేడు పువ్వు టీ తాగితే షుగరు పోతుందని వీడియోలు తిరుగుతున్నాయి. మన పెద్దలు ఈ చెట్టును చాలా వాడారు. పుల్లతో పళ్లు తోముకున్నారు. ఎండకు పోయేవాళ్లు ఆకు తలపాగా కింద పెట్టుకునేవారు, ఇది దక్షిణాదిలో పాత అలవాటు. లేత మండలు వరి మడిలో తొక్కి పచ్చిరొట్టగా వేసేవారు, అది ఇవాళ కూడా పనికొచ్చే పద్ధతి. షుగరు మీద ఎలుకలతో చేసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. అయినా ఎలుకకు తగ్గిందని మీ బాపు మాత్ర మానేయకూడదు. పువ్వు టీ తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పి తాగమనండి, మాత్ర మాత్రం మానవద్దు. తండాల్లో కాళ్లకు పుండ్లు పడి వేళ్లు తీసేసిన వాళ్లను చూశాం కాబట్టి చెబుతున్నాం.

అసలు పనికి వద్దాం. మీరు చేయగలిగినవే చెబుతాం.

మొదటిది, కోత. బతుకమ్మ ముందు ట్రాలీలు వేసుకుని వచ్చి పట్నం అంగడికి తంగేడు కొట్టుకుపోతున్నారు. పువ్వు కోయడం లేదు, పొదను నడుము దాకా నరుకుతున్నారు. ఒకసారి నరికితే చిగురిస్తుందని ముందే చెప్పాం. కానీ ఏటేటా పూత మీద ఉన్నప్పుడే నరికితే కాయ ఎప్పుడు కడుతుంది? కాయ లేకపోతే విత్తనం లేదు, పాత పొద పోతే కొత్త పొద లేదు. మన ఊళ్లో మనం పెట్టుకోవాల్సిన కట్టుబాటు చిన్నది. గుత్తి తెంపాలి, కొమ్మ నరకకూడదు. ప్రతి పొద మీద మూడో వంతు పువ్వు వదలాలి. ఇది నాయక్, కారోబారి కూర్చుని అనుకుంటే అయ్యే పని, గూడెంలో పటేల్ చెబితే అయ్యే పని. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు చాలావరకు గ్రామ పంచాయతీలు అయ్యాయి. మన తండాలో మన రాజ్యం కావాలని ఎన్ని ఏళ్లు అడిగాం! వచ్చింది కదా, దాన్ని ఈ పనికి వాడండి. పంచాయతీ తీర్మానం రాయించండి. బయటి ట్రాలీ వస్తే కాగితం చూపించవచ్చు.

అమ్ముకుని బతికేవాళ్ల సంగతి ఏమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ తొమ్మిది రోజులు పువ్వు అమ్మి నాలుగు పైసలు చూసే ముసలవ్వలు మన తండాల్లో ఉన్నారు. వాళ్లు గంపలో గుత్తులు కోసుకుపోతారు. పొదకు గంప వల్ల నష్టం లేదు. ట్రాలీని, గంపను ఒకే గాటన కట్టకండి.

రెండోది, నర్సరీ. అదే చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకి ఒక నర్సరీ ఉండాలి. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి మొక్కలు పెంచుతూనే ఉన్నారు. ఆ నర్సరీలోకి పోయి చూడండి. టేకు, జామ, గుల్‌మొహర్, ఇళ్ల ముందు పెట్టుకునే పూల మొక్కలు. కొన్నేళ్లు రోడ్ల మధ్యలో కోనోకార్పస్ అనే బయటి దేశపు మొక్క నాటారు. అది కూడా ఏడాదంతా పచ్చగా ఉండేదే. తర్వాత దానివల్ల ఇబ్బందులు ఉన్నాయని అదే ప్రభుత్వం వద్దన్నది. ఏడాదంతా పచ్చగా ఉండి, నీళ్లు అడగని, పశువు ముట్టని పొద కావాలంటే తంగేడు ఉంది కదా. గట్టు మీద ఉన్నదాన్ని తవ్వి తీసేసి, డబ్బిచ్చి ఇంకొక పచ్చని పొదను నాటడం ఏం తెలివో మాకు అర్థం కాలేదు. గ్రామసభలో వచ్చే ఏడాది మొక్కల జాబితా చదివేటప్పుడు లేచి తంగేడు పేరు రాయమనండి. ఇది ఒక్క మాట, కానీ ఆ రోజు సభలో ఉండాలి. ఉపాధి హామీ పని కోసం పోతాం, సభకు మాత్రం పోము.

మూడోది, విత్తనం. దసరా దాటాక పువ్వు కాయ కడుతుంది. కాయ బల్లపరుపుగా, పలుచగా, జానెడులో సగం పొడవుంటుంది. ముందు ఆకుపచ్చ, తర్వాత గోధుమ రంగు. చలికాలం అంతా కాయలు ఎండుతుంటాయి. చెట్టు మీద ఎండిన కాయ ఊపితే గలగలమంటుంది, అప్పుడు కోయాలి. పచ్చివి కోస్తే మొలవవు. పురుగు పట్టినవి ఏరేయాలి. గింజ పైపొర చాలా గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. అది చెట్టు చేసుకున్న ఏర్పాటు, ఒక్క వానకు అన్నీ మొలిచి ఎండకు చావకుండా. మనకు త్వరగా మొలవాలంటే వేడినీళ్లు పొయ్యి మీంచి దించి, గింజలు అందులో వేసి, అట్లాగే చల్లారనిచ్చి ఒక రాత్రి ఉంచాలి. పొయ్యి మీద ఉడికించకండి. లేదంటే గరుకు రాయి మీద కొంచెం రుద్దినా సరిపోతుంది. ఉబ్బిన గింజలు విత్తాలి, ఉబ్బనివి మళ్లీ నానబెట్టాలి.

కవర్లో పెంచి నాటడం కంటే నేరుగా విత్తడమే మేలు. వేరు తొందరగా లోతుకు దిగుతుంది, కవర్లో చుట్ట చుట్టుకుంటే తర్వాత ఎదగదు. తొలకరి పడ్డాక, రెండు మంచి వానలు కురిసి నేల తడిసినప్పుడు గట్టు మీద గునపంతో చిన్న గుంత చేసి మూడు నాలుగు గింజలు వేసి వేలి మందం మట్టి కప్పండి. నీడలో వేయకండి. నీళ్లు నిలిచే చోట వేయకండి. పక్కన పత్తి చేనుంటే ఆ రైతుకు ముందే చెప్పండి, గడ్డిమందు ఆ రెండు అడుగులు వదలమని. మాట్లాడితే వదులుతారు, మాట్లాడకపోతే వాళ్లకెట్లా తెలుస్తుంది?

నాలుగోది, కాగితం. ఇది చదువుకున్నవాళ్లు, ముఖ్యంగా డిగ్రీ చదివే చెల్లెళ్లు, తమ్ముళ్లు చేయాల్సిన పని. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ ఊరి చెట్టు చేమ, పశువు పక్షి, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. ఉంటే అందులో తంగేడు ఉందో లేదో, ఏ సర్వే నంబరులో ఎంత ఉందో చూడండి. లేకపోతే రాయించండి. చెట్టు పేరు పక్కన జాగ పేరు కూడా రాయించాలి, అదే ముఖ్యం. "ఫలానా బంచరాయిలో తంగేడు, దూసరి, గునుగు ఉన్నాయి, తీజ్‌కు, బతుకమ్మకు తండా ఇక్కడి నుంచే తెచ్చుకుంటుంది" అని ఒక వాక్యం ఆ పుస్తకంలో ఉంటే, రేపు ఆ జాగ మీదికి ఎవరైనా వచ్చినప్పుడు అది ఖాళీ జాగ కాదని చెప్పడానికి మన చేతిలో ఒక ఆధారం ఉంటుంది. అది ఒక్కటే జేసీబీని ఆపుతుందని మేము అనడం లేదు. ఏమీ లేకుండా నిలబడటం కంటే అది నయం.

రిజిస్టర్‌లో ఇంకొక గడి ఉంటుంది, స్థానిక పేరు అని. అక్కడ అందరూ తంగేడు అని రాసి ఊరుకుంటారు. అది తెలుగు పేరు, మనందరిదీ కూడా. అయితే గోర్ బోలీలో మీ యాడి దాన్ని ఏమంటుంది, కోయలో మీ అవ్వ ఏమంటుంది, ఆ పేరు కూడా ఆ గడిలో ఉండాలి. అడిగేటప్పుడు ఊరికే పేరు అడిగితే సగం మంది తంగేడు అనే చెబుతారు. చెట్టు దగ్గరికి తీసుకుపోయి, మండ చేతికిచ్చి, చిన్నప్పుడు దీన్ని ఏమని పిలిచేవాళ్లు, దీనితో ఏం చేసేవాళ్లు అని అడగండి. ఫోన్‌లో రికార్డు పెట్టండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి, మీ తెలివి కలపకండి. ఒక్కో తండాలో పలికే తీరు మారుతుంది, ఆ తేడా కూడా రాయండి. ఎనభై ఏళ్లు దాటిన వాళ్లు ప్రతి తండాలో ఇద్దరు ముగ్గురే మిగిలారు. ఈ పని వచ్చే ఏడాదికి పెట్టుకోవద్దు.

ఈ సభ అయ్యాక భోజనాల దగ్గర ఒక బల్ల వేసి కూర్చుంటాం. అక్కడ రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకదాంట్లో మీ తండా లేదా గూడెం పేరు, మండలం, అక్కడ ఇప్పుడు తంగేడు ఉన్న జాగ పేరు రాయండి. గుట్టకు, వాగుకు, బాటకు మీ ఊరివాళ్లు పిలిచే పేరే రాయండి, సర్వే నంబరు తెలిస్తే అది కూడా. రెండో దాంట్లో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే పేరు రాయండి. తెలియని వాళ్లు ఇప్పుడే ఫోన్ చేసి అడగవచ్చు, మేము ఆగుతాం. విత్తనం కావాల్సినవాళ్లు కవరు తీసుకోండి, ఒక్కో కవర్లో పిడికెడు గింజలు ఉన్నాయి. కవరు మీద అవి ఏ ఊరి పొదవో రాసి ఉంది. మీ ఊళ్లో కాయ ఎండాక మీ విత్తనం కూడా అట్లాగే ఊరి పేరు రాసి పంపండి.